మచ్చలు తీసేసిన పిట్ట

వండూర్‌లో బస్సు దిగి ఇంకా గొడుగు విప్పలేదు, ఇసుక మీదినుంచి సన్నని ఈల వినిపించింది. సెప్టెంబరు వచ్చిందంటే ఆ నీటిపిట్టలు దిగిపోతాయి. ఇప్పుడు వాటి పొట్టలది తడి ఇసుక రంగు. ఎవరూ ఆగి చూడరు. నాకు మాత్రం ఆ ఈల వినగానే అప్పన్న బాబాయి మీద బెంగ పుట్టుకొస్తుంది.

ఆయన చుట్టం కాదు. శ్రీకాకుళం వైపునుంచి మా నాన్నతో ఒకే ఓడలో ఈ దీవులకు వచ్చాడు. నాన్న వల పట్టాడు, ఈయన కెమెరా పట్టాడు. జంగ్లీఘాట్‌లోని ఆయన స్టూడియోలో నేను నెగటివ్‌లు దిద్దేదాన్ని. మెయిన్‌లాండ్‌కు పంపే పెళ్లి ఫోటోల్లో ఆడపిల్లల మొటిమలు, అమ్మవారి మచ్చలు పెన్సిల్‌తో మూసెయ్యడం నా పని. నా చెయ్యి మంచిదని అందరూ అనేవారు, నేనూ నమ్మాను. ఆదివారాలు ఆయన వండూర్ ఒడ్డున బోర్లా పడుకుని పిట్టల్ని తీసేవాడు. ఫిల్మంతా పిట్టల పాలైందని పిన్ని సణిగేది.

ఒక ఏప్రిల్లో ఆయన తీసిన ప్రింటులో ఒక పిట్టకు రొమ్మంతా నల్లటి మరకలు కనిపించాయి. బురద అనుకున్నాను. ఆయన్ని సంతోషపెడదామని, అడగకుండానే నెగటివ్ మీద ఒక్కో మరకా మూసేసి, మరకలున్న ప్రింటు చించి పారేశాను. కొత్త ప్రింటు చూసి ఆయన పిట్ట రొమ్ము మీద వేలు పెట్టాడు.

“నలుపేదే అమ్మా?”

“మచ్చలు గదా బాబాయ్, సాఫ్ సేసీసినాను.”

“అయి మచ్చలు కావే. ఎలిపోయే ముందు అలాగ రంగేసుకుంటాయి. పొట్టంతా నలుపెక్కితే ఇంక ఆగవు, నా ఆదివారం వచ్చీలోగా ఎలిపోతాయి. ఇన్నేళ్లకి ఒక్కటి దొరికింది నాకు.”

పెన్సిల్ తుడవబోయాను. ఉక్కకు మెత్తబడిన ఫిల్ము పూత, బొమ్మతో సహా, దూదితోపాటే లేచి వచ్చేసింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడే కొట్టు మూసి నన్ను వండూర్ తీసుకెళ్లాడు. ఒడ్డు ఖాళీ. “ముందు సూడు, బాద్ మే దిద్దు,” అన్నాడంతే. ఆ సెప్టెంబరునుంచి ప్రతి ఆదివారమూ వెంట తీసుకెళ్లి, ఏ ఈక ఎప్పుడు రాలుతుందో, కొత్తది ఏ రంగులో వస్తుందో చూడటం నేర్పాడు.

శీతాకాలం గడిచేసరికి నీటికాసులు ఆయన కళ్లు తినేశాయి. ఏప్రిల్లో నేనే చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్లాను.

“ఉన్నాయా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. “లేవు బాబాయ్. నిన్నో మొన్నో ఎలిపోనాయి.”

సముద్రం వైపే ముఖం పెట్టి కూర్చున్నాడు. “అచ్ఛా హై. పొట్టంతా నలుపెక్కే ఎలిపోయుంటాయి.”

అవి తిరిగి వచ్చేలోగా ఆయనే పోయాడు.

తరవాత పొట్టంతా నలుపెక్కిన పిట్టల్ని నేను ఎన్నోసార్లు తీశాను. ప్రతిసారీ చూపించాలనిపించేది ఆయనకే. నా గోడ మీది ఫోటోలన్నీ నేను తీసినవే. ఆయనకు దొరికింది ఒక్కటే, అది నా చేతుల్లోనే పోయింది.