దీపం కొండెక్కిన వేళ

పెళ్లయి మా దీవిలోని కాంప్ ద మాస్క్ అనే ఊరికి కాపురానికి వచ్చిన తొలి ఏడాది అది. పట్టపగలే తుఫాను విరుచుకుపడి చీకటి కమ్మేసింది. మగవాళ్లు చెరుకు మిల్లులో చిక్కుకుపోయారు. అత్త దీపం వెలిగించి, తలుపుకు వీపు ఆనించి రామభజన అందుకుంది. పక్కన నేనూ ఆనుకున్నాను గానీ, భజన మధ్యలో దీపం కొండెక్కితే కీడని నా భయం. క్షణానికోసారి తలుపు వదిలి దీపానికి చేతులు అడ్డం పెట్టేదాన్ని. ఒకసారి అలా వెళ్లగానే తలుపు భళ్లున తెరుచుకుంది. అత్త కిందపడింది. దీపం కొండెక్కింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

"దీపం కొండెక్కితే సామి ఎల్లిపోతాడేటే? రా, తలుపట్టు," అంది అత్త, లేచి.

ఇద్దరం తలుపు నెట్టి, గాలి తగ్గేదాకా చీకట్లోనే పాడాం.

ఇప్పటికీ గాలి లేస్తే నాకు కాలు నిలవదు. కానీ ఇప్పుడు రామా అంటూ తలుపు దగ్గరికే వెళతాను.