అజాన్ లోపు బీర్కూర్

ఎల్లారెడ్డి చుట్టుపక్కల రోడ్లు నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియవని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. కామారెడ్డి వైపు పోతే లింగంపేట దాటాక అడవిలో ఎక్కడ గేరు తగ్గించాలో, ఏ మలుపు తర్వాత కాళ్ళు ఆపేసి ఊరికే జారిపోవచ్చో కళ్ళు మూసుకుని చెబుతాను. ఇటు బాన్సువాడ వైపు పోతే రోడ్డు గుట్టలెక్కి దిగి, మళ్ళీ ఎక్కి, చివరికి మంజీర పారే పల్లానికి చేరుతుంది. ఎక్కేటప్పుడు నోటికొచ్చినట్టు తిట్టిన రోడ్డునే దిగేటప్పుడు ముద్దు చేస్తాను. బడిలో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఏ దారికి ఎంతసేపు పడుతుందో ముందే లెక్కగట్టుకుని బయలుదేరడం నా అలవాటు. ఆ లెక్క తప్పిందంటే ఒప్పుకునే రకాన్ని కాను. ఒక్కసారి మాత్రం ఒప్పుకోక తప్పలేదు.

ఆదివారాలు నాతో సైకిల్ తొక్కేది మా వీధిలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఆవిడ. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఇద్దరు పిల్లలను, కుట్టు మిషన్‌ను ఒంటిచేత్తో నడిపించుకొస్తోంది. పొద్దంతా వంగి కుట్టీ కుట్టీ నడుము పట్టేస్తోందని ఓసారి నా దగ్గర గోడు వెళ్ళబోసుకుంటే, నా పాత గేర్ల సైకిల్ ఇచ్చి తొక్కమన్నాను. నెల తిరక్కుండానే కామారెడ్డి వెళ్ళి సన్న టైర్ల సైకిల్ ఒకటి సొంతంగా తెచ్చుకుంది. సల్వార్ లోపల వేసుకోవడానికి స్పాంజి పెట్టి లాగు కుట్టుకుంది, నాకూ ఒకటి కుట్టిచ్చింది. ఫోన్‌లో ఎవరినో చూసి కుర్తాకు వెనక, నడుము మీద జేబు పెట్టుకుంది. దొంగలకు అందేటట్టు జేబు పెట్టుకున్నావేమిటే అని నేను ఏడిపించేదాన్ని.

ఒకనాడు లింగంపేట అవతల ఎక్కుడు ఎక్కి, ఆయాసంతో రోడ్డు పక్కన కూలబడినప్పుడు ఆమె తన కాళ్ళవైపు చూసుకుంటూ ఒక మాటంది.

"ఇన్నేండ్లు మిషన్ తొక్కిన కాళ్ళు ఎక్కడికీ పోలే అక్కా. గిప్పుడు పోతున్నయ్."

ఆ మాట విన్నాక ఆమె సైకిల్ ఎవరైనా లాక్కుంటే ఊరుకోకూడదని నేను మనసులో గట్టిగా అనుకున్నాను. లాక్కోవాలని చూసింది వాళ్ళ అమ్మే.

ఆ పెద్దావిడ బీర్కూర్‌లో ఒంటరిగా ఉంటుంది. కూతురు సైకిల్ తొక్కుతోందని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ అదే పోరు. పరువు సంగతి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆమెది భయం. లారీలు తిరిగే రోడ్డు మీద బిడ్డ పడిపోతే మనవళ్ళ గతేమిటని ఆమెకు నిద్ర పట్టదట. రంజాన్ నెల మొదలయ్యాక ఒకరోజు ఫోన్‌లో తేల్చి చెప్పేసింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"గంత ధైర్యముంటే ఇఫ్తార్‌కు సైకిల్ మీదనే రా. అజాన్ లోపు నా గడప కాడ కనవడు, ఇగ నేనేమన. రాకపోతే దాన్ని అమ్మి పారెయ్."

కూతురు సరేనంది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు, ఓడిపోతే నిజంగానే అమ్మేస్తుంది. అందుకే దారి లెక్క నా మీద వేసుకున్నాను. గాలి ఎటు వీస్తుందో, గుట్టల దగ్గర ఎంత నెమ్మదిస్తామో, ఉపవాసం ఉన్న మనిషి ఎక్కడ అలిసిపోతుందో అన్నీ చూసుకున్నాను. ఎండ వాలాక బయలుదేరితే, పొద్దు గుంకాక మసీదులో ఇచ్చే అజాన్‌కు చాలా ముందే చేరతామని హామీ ఇచ్చాను. ఆమె నీళ్ళు ముట్టదు కాబట్టి నేనూ ముట్టనన్నాను. నొక్కి తాగే నీళ్ళ సీసాలు మాత్రం నింపుకుని సైకిళ్ళకు తగిలించుకున్నాం. ఆమె వెనక జేబులో కాగితం పొట్లం కట్టి ఖర్జూరాలు పెట్టుకుంది.

ఆ రోజు గుట్టలన్నీ మాకు దారిచ్చినట్టే ఉన్నాయి. ఎక్కుళ్ళలో ఆమె నాకంటే ముందుంది. చున్నీ నడుముకు బిగించి, నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీస్తూ తొక్కింది. నోరు తెరిస్తే దాహమవుతుందట. బాన్సువాడ చేరేసరికి నా లెక్క కంటే ముందే ఉన్నాం. నాకు గర్వం ఆగక, మీ అమ్మ ఇంకా వంటింట్లోనే ఉంటుందన్నాను.

బాన్సువాడ దాటి బీర్కూర్ రోడ్డు పట్టగానే నా గర్వం దిగిపోయింది. రోడ్డు మీద వడ్లు పోసి ఉన్నాయి. ఒకచోటా రెండుచోట్లా కాదు, కనుచూపు మేరా సగం రోడ్డు వడ్లే. జనం తొక్కకుండా అంచు వెంబడి రాళ్ళు పేర్చారు. మా ఎల్లారెడ్డి దగ్గర పొలాలింకా పచ్చగా ఉన్నాయి, రోజూ వాటినే చూస్తున్నాను. నిజాంసాగర్ నీళ్ళు ముందు అందే ఈ వైపు నాట్లు ముందే పడతాయని, కోతలూ ముందే వస్తాయని చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ లెక్కలో వేసుకోలేదు. వడ్ల మీదికి పోతే సన్న టైరు జారుతుంది, పైగా ఎండబోసిన పంటను తొక్కడానికి మనసు రాదు. మిగిలిన సగం రోడ్డు మీద ఎదురుగా ట్రాక్టర్లు, కోత మిషన్లు. ప్రతిదానికీ దిగి పక్కకు జరిగి నిలబడాల్సి వచ్చింది.

అది చాలదన్నట్టు నస్రుల్లాబాద్ వైపు ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. రోడ్డు పొడవునా జనం చెక్క పలకలతో వడ్లను కుప్పలుగా తోయడం మొదలుపెట్టారు. మేం సందు చూసుకుంటూ, పక్కకు తప్పుకోమని బతిమాలుకుంటూ పోతున్నాం. ఒక మలుపు దగ్గర ముసలాయన ఒక్కడే ఉన్నాడు. కుప్ప చేశాడు గానీ దాని మీద పరదా కప్పలేకపోతున్నాడు. ఒక కొస మీద రాయి పెట్టేలోగా ఇంకో కొస గాలికి లేచిపోతోంది. మమ్మల్ని పిలవలేదు, మావైపు చూడను కూడా చూడలేదు.

ఆమె బ్రేకు వేసింది.

నేను కసురుకున్నాను. ఊరంతా ఉంది, ఎవరో ఒకరు వస్తారు, నీ సైకిల్ పోతుందే అన్నాను. ఆమె అప్పటికే సైకిల్‌ను గట్టుకు ఆనించేసింది.

"ఉపాసముండి గిది ఇడిసిపెట్టి పోతే, గా ఉపాసమెందుకక్కా?"

నా సైకిల్ కూడా గట్టుకు ఆనించాను. పరదా రెండో కొస నేను పట్టుకున్నాను. గాలి మమ్మల్ని కూడా లేపేసేలా ఉంది. తాలు ఎగిరి కళ్ళల్లో, జుట్టులో, మెడలో పడి ఒళ్ళంతా ఒకటే దురద. ముసలాయన రాళ్ళు తెచ్చి అంచుల మీద పెట్టాడు. తీరా అంతా అయ్యాక నాలుగు చినుకులు రాలి మబ్బు విడిపోయింది. ఈ నాలుగు చినుకుల కోసమా అని ఆకాశాన్ని చూసి పళ్ళు కొరికాను. ముసలాయన మాత్రం ఆమె తల మీద చెయ్యి పెట్టి, పోయిరా బిడ్డా అన్నాడు.

తర్వాత మేం తొక్కిన తొక్కుడు మళ్ళీ తొక్కలేం. అయినా ఊరు కనబడుతుండగానే అజాన్ వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఆగి నీళ్ళన్నా తాగమన్నాను. అమ్మీ దగ్గరే తాగుతానని తల అడ్డంగా ఊపి, పెడల్ మీద నుంచి కాలు తియ్యలేదు.

తలుపుకు తాళం వేసి ఉంది.

ఆమె సైకిల్‌ను గోడకు ఆనించి ఆ తాళం వైపు చూస్తూ నిలబడింది. ఇంత కోపమా, గడప కూడా తొక్కనివ్వదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దావిడ ఎదురుపడితే అడగవలసినవన్నీ మనసులో వరుసగా పేర్చుకున్నాను. కూతురు మాత్రం మెల్లగా, రేపు కామారెడ్డి పోయి అమ్మేద్దాం అక్కా అంది.

అంతలో వీధి చివరి నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముందున్నది వాళ్ళమ్మ. భుజం మీద చెక్క పలక, తల నిండా తాలు. మబ్బు పట్టగానే ఇంటికి తాళం వేసి, ఎదురింటివాళ్ళ వడ్లు కుప్ప చెయ్యడానికి పోయిందట. మా సైకిళ్ళను చూసింది. తర్వాత కూతురిని ఎగాదిగా చూసింది.

"నీ నెత్తిల గా తాలేంది?"

"దారిల ఒక బాపు ఒక్కడే ఉండె. పరదా పట్టిన."

 కూతురు తల దించుకుని, ఊరవతల ఉండగానే అజాన్ అయిందని, ఓడిపోయానని చెప్పేసింది. తప్పు నా లెక్కదని నేను మధ్యలో దూరబోయాను. పెద్దావిడ నన్ను చేత్తో వారించింది.

"నేనే ఇంట్ల లేకపోతి. నువ్వు లేటెట్లయితవ్?"

ఆ మాట విని నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

పెద్దావిడ కూడా ఇంకా ఉపవాసం విడవలేదు. నోరు ఎండిపోయి ఉంది. తాళంచెవి కోసం కొంగు ముడి విప్పబోయింది. కూతురు వెనక జేబులోంచి పొట్లం తీసి ఒక ఖర్జూరం తల్లి చేతిలో పెట్టింది. సైకిల్‌కు తగిలించిన సీసా తీసి ఇచ్చింది. పెద్దావిడ బిస్మిల్లా అని ఖర్జూరం తిని, సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, గట్టిగా నొక్కింది. నీళ్ళు మొహమంతా చిమ్మాయి. కూతురు నవ్వింది. ఆమె నవ్వలేదు గానీ రెండోసారి సరిగ్గా నొక్కి, తనివితీరా తాగింది.

తాగిన సీసాను కూతురి చేతికి ఇవ్వలేదు. వంగి, సైకిల్‌కు అది ఎక్కడ తగులుతుందో వెతికి, తానే అక్కడ పెట్టింది.