ఆర్లిస్ చొక్కా తోక

తెల్లారకముందు, లాంతరు ఇంకా ఆర్పకముందే, వేట క్యాంపు గుమ్మం దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగి జేబులు తడుముకుంటారు. తూటాలు మర్చిపోతే వెనక్కొచ్చి తెచ్చుకోవచ్చు. అదృష్టం కోసం జేబులో ఉండాల్సిన ఆ వస్తువు మర్చిపోతే మాత్రం అడవికి పోయినా చెట్లు చూసి రావడమే. వంట చేసే హర్షెల్ ముసలాయన దగ్గర బకై చెట్టు గింజ ఒకటుంది, వాళ్ల తాత కాలం నుంచి జేబుల్లో అరిగి అరిగి అద్దంలా తయారైంది. జుట్టంతా తెల్లగా ఉంటాడని కాటన్ అని పిలుస్తారే, వాడు తను మొదటిసారి కొట్టిన టర్కీ కోడిపుంజు కాలిముల్లు తాడుకి కట్టి మెడలో వేసుకుంటాడు. స్నానానికి కూడా తియ్యడంట. అసలు స్నానం చేస్తే కదా తియ్యడానికి అంటారు మిగతావాళ్లు. రాయిస్ కిర్బీ దగ్గర వాళ్ల నాన్న చెక్కిన కూతపెట్టె ఉంటుంది. చెక్క మూత రుద్దితే చాలు, అచ్చం టర్కీ పెట్ట పిలిచినట్టే ఉంటుంది.

ఆర్లిస్ టిడ్‌మోర్ మాత్రం జేబు తడుముకోడు. చెయ్యి వెనక్కి పెట్టి, నడుం కింద వేలాడే చొక్కా అంచు పట్టుకు చూసుకుంటాడు. క్యాంపులో ఆ అంచుని తోక అంటారు.

అది ముతక నూలు చొక్కా. ఒకప్పుడు ఆకుపచ్చ, ఇప్పుడు ఏ రంగో చెప్పలేం. ఒకసారి ముళ్లకంచె దూకుతుంటే తోక చిరిగింది. అప్పటికే ఒంట్లో బాగోని పెళ్లాం నెల్డా, తన నీలం చుక్కల గౌను అంచులోంచి ముక్క కత్తిరించి అక్కడ అతుకేసింది. మంచంలో దిళ్లకు ఆనుకుని కూర్చుని కుట్టింది.

"మగాడి చొక్కాకి ఆడాళ్ల గౌను ముక్కా?" అన్నాడు ఆర్లిస్.

"వెనకేగా. ముందు నుంచి చూసేది టర్కీలు. వాటికి చెప్పనులే," అంది నెల్డా.

ఆ చలికాలమే నెల్డా పోయింది. ఆ వచ్చిన ఏప్రిల్లో ఆ చొక్కా వేసుకుని పోయి పుంజుని కొట్టాడు. తర్వాత ఏడు కూడా. ఆ తర్వాతేడూ అంతే. గురి పెట్టి వదిలాక, లేవకముందు, ఓసారి చెయ్యి వెనక్కి పోనిచ్చి ఆ నీలం ముక్క ముట్టుకునేవాడు. ముట్టుకున్నాకే లేచేవాడు. అది వాడికి అలవాటైపోయింది.

ఆర్లిస్ పనిచేసేది సామిల్లులో. తడి పలకలు ఎత్తి పేర్చే పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎత్తడం, పేర్చడం. నడుం వంగిపోయింది, ఎడమ చేతి చిటికెన వేలు రంపం తినేసింది. ఇంటికెళ్తే రేడియో, డబ్బా చేపలు, మంచం. ఏడాదంతా ఆ ఏప్రిల్ కోసమే బతికేవాడని చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు.

ఇక రాయిస్. నెల్డాకి సొంత తమ్ముడు, ఆర్లిస్‌కి బావమరిది. మిల్లులో మేస్త్రీ కూడా వాడే. ఎవడు నీడలో పని చెయ్యాలి, ఎవడు ఎండలో మాడాలి అన్నది వాడి నోటి మాట మీద ఉంటుంది. క్యాంపున్న అడవి కౌలు కూడా వాడి పేరు మీదే. క్యాంపుకొచ్చే వాళ్లంతా వాడి కింద పనిచేసేవాళ్లే. హర్షెల్‌కి వయసైపోయినా, అల్లుడు మిల్లులోనే ఉన్నాడు.

వరసగా మూడేళ్లు రాయిస్‌కి ఒక్క పుంజు కూడా పడలేదు. ఆర్లిస్‌కి మాత్రం ఏటా పడుతోంది. మేస్త్రీకి అది ముల్లులా గుచ్చుకుంది.

"మా అక్క గౌను ముక్క తగిలించుకుని తిరుగుతున్నావ్ బావా," అనేవాడు కాఫీ తాగుతూ. "ఆ అదృష్టం నీది కాదు, మా ఇంటిది."

"మీ అక్కే కుట్టిందిగా."

"చచ్చే ముందు మతి ఉండి కుట్టిందో, మతి లేక కుట్టిందో ఎవడికి తెలుసు."

అందరూ నవ్వేవాళ్లు. మేస్త్రీ జోకుకి నవ్వకపోతే సోమవారం ఎండలో పడతావు.

ఆ క్యాంపులో ఒక కట్టుబాటుంది. పుంజు మీద తుపాకీ పేల్చి, దాన్ని తీసుకురాకుండా వచ్చినవాడి చొక్కా తోక కత్తిరిస్తారు. పేరూ, ఏడూ రాసి గోడకి మేకు కొడతారు. ఆ రోజు ఒంటి మీద ఏ చొక్కా ఉంటే అదే. మార్చుకోడానికి లేదు. గోడ నిండా అలాంటి గుడ్డ ముక్కలే, గళ్లవీ, చారలవీ, ఒకటి చర్చికి తొడుక్కునే తెల్ల చొక్కాది. ఒకసారి మేకు దిగిందంటే ఎవరూ పీకకూడదు. తప్పించుకోడానికీ ఉండదు, ఎందుకంటే పొద్దున్నే ఆ లోయలో తుపాకీ పేలితే క్యాంపులో అట్లు పోసేవాడికి కూడా వినపడుతుంది. చప్పుడుందీ, పుంజు లేదు అంటే ఇక కత్తెర తియ్యడమే.

ఆ తర్వాత ఏప్రిల్లో ఒక శనివారం ఆర్లిస్ వాగు ఇవతల ఓక్ చెట్టు మొదట్లో కూర్చున్నాడు. రాయిస్ వాగు అవతల. వెలుతురు రాకముందే పుంజు కొమ్మ మీంచి కూసింది. ఆర్లిస్ నోట్లో కూతబిళ్ల పెట్టుకుని పెట్టలా మెల్లగా పిలిచాడు. అది దిగింది. రొమ్ము మీద జుట్టు కుచ్చు నేల రాసుకుంటా, విసనకర్రలా తోక విప్పి, ఆగి ఆగి వచ్చింది. ఎర్ర తల పైకెత్తగానే పేల్చాడు.

పుంజు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది.

పడ్డ మరుక్షణం పరిగెత్తుకెళ్లి మెడ మీద కాలెయ్యాలి. టర్కీని కొట్టేవాడు ఎవడైనా మొదట నేర్చుకునేది ఇదే. ఆర్లిస్ పరిగెత్తలేదు. ఎప్పటిలాగే చెయ్యి వెనక్కి పోనిచ్చాడు. చొక్కా తోక ఒంటి కింద మడతపడి దొరకలేదు. పక్కకి ఒరిగి లాగి, ఆ నీలం ముక్క వేళ్లకి తగిలేదాకా చూసుకున్నాడు. తల తిప్పేసరికి పుంజు లేచింది. ఒక రెక్క ఈడ్చుకుంటా పొదల్లో దూరింది.

పరిగెత్తాడు. ఆకుల మీద నెత్తురు చుక్కలు, ఈకలు. వాగు ఒడ్డు దాకా ఉన్నాయి. ఆ తర్వాత నీళ్లు. నడుం లోతు నీళ్లలో దిగి అవతలికెళ్లాడు, అక్కడ బురదలో కాస్త నెత్తురుంది. పొద్దెక్కేదాకా ప్రతి పొదా వంగి చూశాడు. దొరకలేదు. తడి ప్యాంటుతో, ఒట్టి చేతులతో క్యాంపుకొచ్చాడు.

వరండా మేకుకి పుంజు వేలాడుతోంది. ఒక రెక్క విరిగి కిందికి జారింది. దాని కింద రాయిస్ కుర్చీ వేసుకుని మొక్కజొన్న జావలో వెన్న కలుపుకుంటున్నాడు.

"రా బావా రా. చప్పుడు విన్నాం. సరుకేది?"

ఆర్లిస్ పుంజు వైపు చూశాడు. "అది నాది రాయిస్."

"నీదా? నీ పేరుందా దాని మీద?"

"రెక్క విరిగి నీ ఒడ్డుకొచ్చింది."

"నా ఒడ్డుకొచ్చింది, నేను కొట్టాను. అంతే."

హర్షెల్ ముసలాయన పెనం దగ్గర నుంచి ఉండబట్టలేక అన్నాడు, "ఒకటే చప్పుడు వినపడిందే అబ్బాయ్ పొద్దున్న."

రాయిస్ చెంచా కింద పెట్టాడు. "ఇద్దరం ఒకేసారి పేల్చాం బాబాయ్. చప్పుడు కలిసిపోయింది. నీకు చెవులు సరిగ్గా వినపడవుగా. అన్నట్టు మీ అల్లుడికి ఎలా ఉంది పని?"

హర్షెల్ పెనం వైపు తిరిగాడు. "ఒకేసారి పేల్చుంటారు లే," అని అట్టు తిప్పాడు.

"కాటన్, నువ్వేం విన్నావ్?"

"కలిసిపోయినట్టే ఉంది అన్నా," అన్నాడు కాటన్, మెడలో కాలిముల్లు నలుపుకుంటా.

ఆర్లిస్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ప్యాంటులోంచి నీళ్లు కారి చెక్క నేల తడుస్తోంది. ఇక పుంజు సంగతి వదిలేశాడు. చెయ్యి వెనక్కి పోయి తోక పట్టుకుంది.

"పుంజు నువ్వే ఉంచుకో," అన్నాడు. "చొక్కా వదిలెయ్. కావాలంటే చొక్కా చెయ్యి కత్తిరించుకో, భుజం దగ్గర కత్తిరించుకో. వెనక వద్దు."

"తోకంటే వెనకే ఉంటుంది బావా. గొడ్డుకైనా అంతే."

ఎవడో కిసుక్కున నవ్వాడు.

"రాయిస్, మీ అక్క చేతి కుట్టురా అది."

ఆ మాటకి రాయిస్ మొహం ఒక్క క్షణం ఎటో పోయింది. నెల్డా పోయినప్పుడు వాడు చివరి చూపుకి రాలేదు. జింకల సీజన్, ఇదే క్యాంపులో ఉన్నాడు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. మళ్లీ నవ్వాడు, కానీ ఈసారి మెత్తగా.

"సరే. మనం మనం ఒకటి. నీ నోటితో నువ్వు చెప్పు, అందరి ముందూ. గురి తప్పాను, ఆ పుంజు రాయిస్ కొట్టాడు అని. దొంగా అన్నట్టు చూశావే నన్ను, ఆ మాట వెనక్కి తీసుకో. తీసుకుంటే చొక్కా జోలికి రాను."

"ఒట్టేనా?"

"నాన్న కూతపెట్టె మీద ఒట్టు." పెట్టె తీసి టేబుల్ మీద పెట్టి, దాని మీద చెయ్యేశాడు.

ఆర్లిస్ జీవితంలో చాలా దిగమింగాడు. కానీ కొట్టని పుంజుని కొట్టానని ఎన్నడూ అనలేదు, కొట్టినదాన్ని తప్పానని కూడా అనలేదు. పేదవాడికి అడవిలో మిగిలేది ఆ ఒక్క పరువే. హర్షెల్ వైపు చూశాడు, ముసలాయన పెనం చూస్తున్నాడు. కాటన్ వైపు చూశాడు, వాడు చెప్పులు చూసుకుంటున్నాడు.

"గురి తప్పాను," అన్నాడు ఆర్లిస్.

"వినపడలా."

"గురి తప్పాను. ఆ పుంజు రాయిస్ కొట్టాడు."

రాయిస్ బల్ల మీద చరిచాడు. "విన్నారా? వాడి నోటితోనే చెప్పాడు, తప్పానని. ఇందాకటిదాకా అనుమానం ఉండేది, ఇప్పుడదీ లేదు. తప్పినవాడికి ఏంట్రా మన కట్టుబాటు? కాటన్, కత్తెర తే."

"నువ్వు ఒట్టు పెట్టావ్."

"చొక్కా జోలికి నేను రానన్నాను. నేనెక్కడ వస్తున్నాను? కాటన్ వస్తాడు."

క్యాంపంతా గొల్లుమంది. ఇద్దరు ఆర్లిస్ భుజాలు పట్టుకుని టేబుల్ మీదికి వంచారు. వాడు పెనుగులాడలేదు. చెంప జావ గిన్నెకి ఆనుకుంది. "అటు పక్క కత్తిరించు కాటన్, అటు పక్క," అని ఒకటే మాట అంటున్నాడు. కాటన్ కత్తెర అటు పక్కకే పెట్టాడు. రాయిస్ గొంతు సవరించుకున్నాడు. కత్తెర ఇటు జరిగింది. మొద్దు కత్తెర, నూలు తెగకుండా నమిలింది. నెల్డా కుట్టు దగ్గరకొచ్చేసరికి అసలు తెగలేదు, రెండు చేతులతో లాగి చింపాల్సొచ్చింది. ఆవిడ దారం గట్టిగా వేసింది.

పేరూ, ఏడూ రాశారు. గోడకి కొట్టలేదు. రాయిస్ పడుకునే మంచం తలవైపు కొట్టారు, దిండుకి పైన.

"మా ఇంటి అదృష్టం మా ఇంటికొచ్చింది," అన్నాడు రాయిస్. "కూర్చో బావా. ఎంతైనా నీ దయ కూడా ఉంది ఈ పుంజులో. రొమ్ము ముక్క నీకే."

వేయించిన రొమ్ము ముక్క పళ్లెంలో వేసి ముందు పెట్టారు. తినకపోతే మనసులో పెట్టుకున్నాడంటారు. ఆర్లిస్ తిన్నాడు. మొత్తం తిన్నాడు.

మరుసటి ఏప్రిల్లోనూ వచ్చాడు. అదే చొక్కా, వెనక మొండిగా, లోపలికి దోపుకుని. రావడం మానేస్తే ఆ గుడ్డ ముక్కని చూసుకోడానికైనా వీలుండదు. గుమ్మం దగ్గర అందరూ జేబులు తడుముకుంటే, వాడి చెయ్యి అలవాటు కొద్దీ వెనక్కి పోయి, ఏమీ దొరక్క తిరిగొచ్చేది. అడవిలో పుంజు దగ్గరకొచ్చినా తుపాకీ ఎత్తేవాడు కాదు.

ఒక ఆదివారం పొద్దున వాగు అవతల తుపాకీ పేలింది. హర్షెల్ చేతిలో అట్లకాడ ఆగింది. కాటన్ తల ఎత్తాడు. కాసేపటికి రాయిస్ వచ్చాడు, ఒట్టి చేతులతో, బూట్ల బురద గుమ్మానికి కొట్టుకుంటా.

ఆర్లిస్ లేచాడు. మేకుకున్న కత్తెర తీశాడు.

"ఏంటి బావా అది?"

"చప్పుడు విన్నాను."

రాయిస్ కుర్చీ లాక్కుని కూర్చుని చుట్టూ ఒకసారి చూశాడు. "ఏరా, చప్పుడంట. ఎవరైనా విన్నారా?"

"లేదన్నా," అన్నాడు కాటన్.

"నాకు చెవులు వినపడవుగా," అన్నాడు హర్షెల్.

మిగతావాళ్లు కాఫీ కప్పుల్లోకి చూశారు.

"చూశావా? నీ ఒక్కడికే వినపడింది," అన్నాడు రాయిస్. "అక్క పోయాక నీకు ఏవేవో వినపడుతున్నాయ్ బావా. కత్తెర పెట్టెయ్, ఎవరికైనా తగుల్తుంది. జావ చల్లారిపోతోంది."

ఆర్లిస్ చేతిలో కత్తెర కాసేపు అలాగే ఉంది. రాయిస్ భుజం మీంచి, మంచం తలవైపు నీలం చుక్కల ముక్క కనపడుతోంది. రాయిస్ తల రుద్దుకుని రుద్దుకుని దాని మీద జిడ్డు మరక పట్టింది.

కత్తెర మేకుకి తగిలించాడు. వచ్చి కూర్చున్నాడు. హర్షెల్ గిన్నె ముందుకి జరిపాడు.

రెండేళ్ల తర్వాత మిల్లు యార్డులో పలకల దొంతర పక్కనే గుండాగి పోయాడు ఆర్లిస్. నా అన్నవాడు రాయిస్ ఒక్కడే కాబట్టి శవపెట్టెలో పెట్టేముందు బట్టలు వాడే ఇచ్చాడు. ఆ చొక్కాయే. చక్కగా దోపి బెల్టు పెట్టారు, ముందు నుంచి చూస్తే ఏ లోటూ కనపడలేదు. కాటన్ మాత్రం ఉండబట్టలేక, "అన్నా, ఆ ముక్క కూడా పెడదామా?" అని అడిగాడు.

"మేకు దిగింది పీకకూడదురా," అన్నాడు రాయిస్. "కట్టుబాటు."