దుప్పటి రెండో కొస

మా అమ్మను చూస్తే మా పెద్దమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకుంటుంది. అమ్మ జుట్టు నెరవలేదని మంట. మెట్లెక్కితే ఆయాసపడదని ఇంకో మంట. ఇద్దరూ తోడికోడళ్లు. మా పెరట్లోనే లాడ్జీల దుప్పట్లు ఉతికే పని వాళ్లది.

తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టి పిండుతారు. ఎవరి చెయ్యి జారితే వాళ్లు బకెట్లు మొయ్యాలి, గెలిచినవాళ్లు పంపు పక్కన నీడలో నిలబడాలి. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ నీడ పెద్దమ్మదే. దాన్ని చూసుకునే ఆవిడకంత మిడిసిపాటు.

మొన్న ఆస్పత్రిలో పెద్దవాళ్లకు బలపరీక్ష పెట్టారు. నర్సు ఇచ్చిన ఇనుప పిడిని అమ్మ నొక్కితే ముల్లు చకచకా పైకి పోయింది. పెద్దమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, దుప్పటిలా మెలిపెట్టింది.

"అమ్మా, పిండకండి! ఒక్క చేత్తో నొక్కండి," అంది నర్సు.

నొక్కితే ముల్లు కాస్త కదిలి ఊరుకుంది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంటే అమ్మ టక్కున లేచింది. పెద్దమ్మ మాత్రం అంగుళం లేచి మళ్లీ కూలబడింది.

"వయసుతో కండ తగ్గుతుందమ్మా. గుడ్లూ పప్పూ తినండి, రోజూ ఇలా లేచి కూర్చోండి. మళ్లీ బలం వస్తుంది," అంది నర్సు.

"దీన్ని నేను రోజూ ఓడిస్తున్నా! మీ మిషనే పాడైంది," అని పెద్దమ్మ విసవిసా వచ్చేసింది.

మర్నాడు ఎప్పటిలాగే అమ్మ చెయ్యి జారింది. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. అమ్మ దుప్పటిని తీగమీద ఆరేసింది. దాని కొసల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. పెద్దమ్మ ఆ ధారనే చూస్తూ నిలబడింది.

"ఏమే, ఎన్నాళ్ల నుంచి వదులుగా పట్టుకుంటున్నావ్?"

"పోయిన చలికాలం నుంచి, అక్కా."

"దించు. ఈసారి నిజంగా తిప్పు."

అమ్మ తిప్పింది. రెండో మెలికకే కొస పెద్దమ్మ చేతుల్లోంచి జారి నేలమీద పడింది. ఆవిడ బకెట్ తీసుకుని ఎండలోకి నడిచింది.

మధ్యాహ్నం వంటింట్లో కుర్చీ కిర్రుకిర్రుమంటోంది. తొంగిచూస్తే పెద్దమ్మ చేతులు కట్టుకుని, అమ్మను తిట్టుకుంటూ, లేస్తోంది, కూలబడుతోంది.

భోజనాల దగ్గర అమ్మ తన గుడ్డు తీసి ఆవిడ పళ్లెంలో వేసింది.

"మళ్లీ జాలా?" పెద్దమ్మ కళ్లెర్రజేసింది.

"జాలెందుకక్కా? దుప్పట్లు ఆరట్లేదు."

పెద్దమ్మ ఆ గుడ్డు నోట్లో పెట్టుకుంది. "ఆ నీడకి మరీ అలవాటు పడకు," అంది.