మస్తాన్‌బీ కాల్చిన రొట్టె

మధ్యాహ్నం రెండూ పదికి ఆ ఊరి బడి దగ్గర దిగాం. దిగడమంటే పడవలోంచి నడుంలోతు నీళ్లలోకి దూకడమే. ఒంగోలు అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఆ వైపు పల్లె. తుఫాను దాటి రెండో రోజు. వాన ఆగింది, గాలి ఆగలేదు. మిరపచేలు, పత్తిచేలు నీళ్లకింద ఉన్నాయి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల కప్పులు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

మేం ఆరుగురం. ఒక హవల్దారు, నలుగురు జవాన్లు, వైర్‌లెస్ సెట్టు మోసే నేను. ఆర్డరు చిన్నది. బడిలో తలదాచుకున్న జనానికి తిండి పెట్టాలి. చుట్టుపక్కల చిక్కుకున్నవాళ్లను తేవాలి.

మా పడవలో నాలుగు బస్తాల గోధుమపిండి వచ్చింది. బియ్యం, పప్పు, వంటపాత్రలు ఉన్న రెండో పడవ చప్టా దగ్గర తిరగబడింది. మనుషులు ఈదుకుని బయటపడ్డారు. సామాను పోయింది.

సెట్టు తెరిచాను.

"బియ్యం ఎప్పుడు? ఓవర్."

"రోడ్డు తెగింది. రెండు రోజులు పడుతుంది. ఉన్నదాంతో నడపండి. ఓవర్."

అన్నం తినే ఊరది. పిండితో జావ కాచి పోస్తే పిల్లలు కక్కేశారు. పెనం మీద రొట్టెలు కాలుద్దామంటే అంతమందికి సరిపడా పొడి కట్టెలు లేవు. బడి వసారా మూల ఎండు మిరపకంప కనిపిస్తే మావాడొకడు వెలిగించాడు. ఆ ఘాటుకి బడి మొత్తం దగ్గింది.

"ఆర్పండయ్యా! తుఫాను వదిలినోళ్లని మీరు చంపేట్టున్నారు!" అంటూ ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది. పేరు మస్తాన్‌బీ. యాభై ఏళ్లుంటాయి. భర్త ఖాసిం ఒకప్పుడు గుంటూరులో రొట్టెల పని చేశాడట. ఆ పని మానేసి సేద్యంలోకి వచ్చాక, పెరట్లో మట్టితో బట్టీ కట్టాడు. వాళ్లిల్లు బడి పక్కనే, మెరక మీద. ఒక గోడ కూలింది. బట్టీ నిలిచింది. అటక మీద పత్తికంప పొడిగా ఉంది.

"ఈస్టు లేకుండా రొట్టె పొంగుద్దా అమ్మా?" అన్నాడు తెనాలివాడైన మా హవల్దారు.

"మా ఇంట్లో ఏనాడూ అది వాడలేదు నాయనా. పుల్లమజ్జిగ, వంటసోడా ఉంటే చాలు. మెరక మీద మునగని ఇళ్లకి పోయి అడగండి, ఇస్తారు."

అడిగాం. ఇచ్చారు. నాలుగు డబ్బాల పిండికి రెండు డబ్బాల మజ్జిగ, రెండు చెంచాల సోడా, ఉప్పు. నేను రెండు చేతులూ పెట్టి పిసుకుతున్నాను.

"ఒరే అబ్బాయ్, నువ్వు తుపాకీ తుడవట్లేదు. ఎక్కువ పిసికితే రాయవుద్ది. ముద్దయితే చాలు, వదిలెయ్," అంది మస్తాన్‌బీ.

ముద్దను గుండ్రంగా చేసి, పైన కత్తితో రెండు గాట్లు పెట్టి బట్టీలోకి తోసేది. ముప్పావుగంట. బయటికి తీసి అడుగున వేలితో కొట్టేది. డొల్లగా మోగితే కాలినట్టు.

"ఖాసింగారు కనపడట్లేదేంటమ్మా?" అన్నాను.

"మొన్న పొద్దున ఎడ్లని తోలుకుపోయాడు. వస్తాడు." ఆమె చేతులు ఆగలేదు.

మొదటి వాయి అయిదూ ఇరవైకి దిగింది. పిల్లలకి, బాలింతలకి, ముసలివాళ్లకి, చివర మాకు. పొద్దున్నుంచి ఖాళీ కడుపు. ఆ వేడిరొట్టె చేతిలోకి తీసుకుంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడంతా బట్టీ చల్లారలేదు. మేం పడవ వేసుకుని ఇద్దర్నీ ముగ్గుర్నీ తెస్తూనే ఉన్నాం. వాళ్లలో ఖాసిం లేడు. పడవ ఆనినప్పుడల్లా ఆమె ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ పిండిలో చేతులు పెట్టేది.

మూడో రోజు ఉదయం ఏడింటికి, ఊరికి రెండు మైళ్ల అవతల బ్యారన్ కప్పు మీద ఒక మనిషి తలగుడ్డ ఊపుతూ కనిపించాడు. తాడు విసిరి దించాం. పెదాలు పగిలిపోయాయి.

"మస్తాన్‌బీ ఇంటాయన్ని. మా ఇంటామె బతికుందా?"

"బతికుండటమేంటండీ! మూడు రోజుల్నించి మా అందరికీ ఆవిడే తిండి పెడతంది," అన్నాడు హవల్దారు.

ఆయన పడవ అడుగున కూర్చుని ముఖం కప్పుకున్నాడు.

గట్టున ఆమె భర్తను ఎగాదిగా చూసింది. "ఎడ్లేయి?"

"పోయినయ్యే."

"పోతే పోయినయ్యి. రా, కూర్చో." రొట్టె తుంచి మజ్జిగలో నానబెట్టి తినిపించింది.

ఆ సాయంత్రం బియ్యం వచ్చింది. అయిదో రోజు మమ్మల్ని వెనక్కి పిలిచారు. సెలవు దొరికాక పొదిలి దగ్గర మా ఊరు వెళ్లి ఆ రొట్టె మా ఆవిడకు నేర్పాను. మాకు బట్టీ లేదు. ఇసక పోసిన కుండలో పెట్టి, మూత మీద నిప్పులు వేసి కాలుస్తుంది. నేను జనాన్ని కాపాడటానికి వెళ్లానని ఊళ్లో అంటారు. ఎవరు ఎవర్ని కాపాడారో ఓపిగ్గా చెబుతుంటాను.

ఒక్కటి మాత్రం చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఖాసిం తిని నిద్రపోయాక పత్తికంప కోసం బట్టీ వెనక్కి వెళ్లాను. మస్తాన్‌బీ గోడవైపు తిరిగి నిలబడి రొట్టె తింటోంది. రెండు చేతులతో, నమిలే తీరిక కూడా లేకుండా. అప్పుడు తట్టింది, ఈ మూడు రోజుల్లో ఆమె తినడం నేనొక్కసారీ చూడలేదని. అలికిడి కాకుండా వెనక్కి తగ్గాను. నాకు ఓరగా కనిపించిన ఆమె కనురెప్పల మీద పిండి ఉంది. నోట్లో ముద్దతో ఏడుస్తోంది, తింటోంది.