రంగు చెప్పు, అల్లుడా

మా మామ పోయాడన్న కబురు నాకు కల్హేర్ అంగట్లో అందింది. ఎవరిదో బండి ఇరుసు చూస్తున్నాను అప్పుడు. చేతిలో ఉన్న పట్టకారు అక్కడ పెట్టాలన్న తెలివి కూడా లేక, దాన్ని పట్టుకునే నారాయణఖేడ్ వచ్చేశాను. మూడు రోజులైంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మామ అంటే నాకు పిల్లనిచ్చిన మామ. ఇంటి వెనక పందిరి కింద ఆయన కొలిమి. రెండు ఇనుప ముక్కల్ని తెల్లగా కాల్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి సమ్మెటతో కొట్టి ఒక్కటి చేసేవాడు. ఎర్రగా ఉన్నప్పుడు కొడితే అతకదు, తెలుపు దాటిందా ఇనుమే కాలిపోతుంది. ఆ రంగు పట్టుకోవడంలో ఆయన కన్ను తప్పడం నేను చూడలేదు. నాకేమో మొదటినుంచీ తొందర. “నీకంటె ఇనుము నయం అల్లుడా, అదన్న కాగేదాక ఆగుతది” అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు, పట్నంలో ఒక మోటారు షెడ్డువాడు గ్యాసుతో అతికే సామాను అమ్ముతున్నాడని తెలిసి పరుగెత్తాను. గ్యాసు పుట్టించే కార్బైడు డబ్బా కారుతుందేమోనని సబ్బునీళ్లు పూసి చూశాను. రబ్బరు పైపులు వంచి చూశాను. మంట వచ్చే మూతులు చిన్నదీ పెద్దదీ ఏరుకున్నాను. కళ్లకు పెట్టుకునే నల్లద్దాలు మాత్రం ఒక్క జతే తెచ్చాను. పనిచేసేది నేనొక్కణ్ణే కదా అనుకున్నాను.

మొదటి రోజే మామ అలవాటు కొద్దీ రంగు చూడాలని మొహం దగ్గరికి పెట్టాడు. నేను అద్దాలు పెట్టుకుని, నా పనితనం చూపించే తొందరలో ఆయన్ని జరగమని కూడా అనలేదు. రవ్వ ఎగిరి కుడికంట్లో పడింది. ఎడమ కంట్లో అప్పటికే పొర ఉంది. దవాఖానకు తీసుకుపోయినా చూపు రాలేదు.

ఆ దసరాకు పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టాం. గ్యాసు సామాను నేను గోనెసంచి కింద దాచాను. మామ చేత్తో తడుముకుంటూ వెళ్లి బయటికి తీయించి, మంట మూతికీ నల్లద్దాలకూ బొట్టు పెట్టాడు. “అన్నం పెట్టేదానితోని అలుగుతరా?” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆయన కొలిమి తిత్తి ఊదేవాడు, నేను పట్టకారు పట్టేవాణ్ణి. “రంగు చెప్పు, అల్లుడా” అని అడిగేవాడు. నేను ఆగలేక తెల్లగైందనేవాణ్ణి. ఆయన చెవి పెట్టి వినేవాడు. “అబద్ధం. ఇంక రవ్వలు చిటపటలాడలే.” ప్రతిసారీ ఆయనదే నిజం.

పదకొండో రోజు దాకా కొలిమి రాజేయొద్దన్నారు పెద్దలు. ఈ పొద్దున నా వల్ల కాలేదు, రాజేశాను. నా భార్య గుమ్మంలోంచి చూసింది గానీ వద్దనలేదు. ఒక చేత్తో తిత్తి ఊదుతూ, ఇంకో చేత్తో పట్టకారుతో ఇనుము పట్టుకుని కాసేపు నిలబడ్డాను. “తెల్లగైంది మామా” అన్నాను పైకే.

చెవి పెట్టి విన్నాను. ఎవరూ అబద్ధమనలేదు. ఇనుము ఇంకా ఎర్రగానే ఉంది.