బెల్లం శెట్టిగారి ఫోను

1978లో నేను చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. ఊళ్లో ఎవరు రిసీవర్ ఎత్తినా మా బోర్డు మీద వాళ్ల దీపం వెలిగేది. "నంబర్ ప్లీజ్" అని అడిగి, మేమే తీగ గుచ్చి లైను కలిపేవాళ్లం. నిద్రలో కూడా ఆ మాటే కలవరిస్తున్నానని మా ఇంట్లో ఎగతాళి చేసేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

బెల్లం మండీ మునిరత్నం శెట్టిగారింట్లో ఆ ఏడే ఫోను పెట్టారు. అప్పటి నుంచీ ఆయన దీపం ఊరికే వెలిగేది.

"నంబర్ ప్లీజ్."

"నంబరేం లేదు పాపా. లైను బాగుండాదా అని సూసినాను."

కాసేపటికి మళ్లీ అదే. మొదట్లో నాకు ఒళ్లు మండి, "బాగుంది సార్, పెట్టేయండి" అని కసిరేదాన్ని. రానురాను ఆయన గొంతులో వణుకు తెలియసాగింది. ఆ దీపం వెలిగితే నాకూ దడ, వెలగకపోతే ఇంకా భయం.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య ధనమ్మగారు ఎక్స్ఛేంజికే వచ్చేశారు.

"కంచం ఫోను పక్కనే పెట్టుకుంటాడు పాపా. రెండు ముద్దలు తిని లేస్తాడు. మద్రాసోళ్లు రేటు సెప్పేదానికి ఫోన్ చేస్తే, ఈయన ఎత్తేలోగా ఇంకో మండీకి పోతారంట. గుండె పట్టుకోని కూసుంటాడు. గుండెకేం కాలేదు, నిద్ర లేకనే అన్నాడు డాక్టరు. ఇట్టనే ఉంటే మనిషి దక్కడని బయంగా ఉండాది. ఆ తీగ పీకెయ్ మా."

తీగ పీకే అధికారం నాకెక్కడిది? కానీ సేఫ్ కస్టడీ అని ఒక ఏర్పాటు ఉండేది. అర్జీ పెట్టుకుంటే లైన్‌మన్ వచ్చి ఫోను తీసుకెళ్లి ఆఫీసులో భద్రం చేస్తాడు. నంబరు వాళ్లదే, అడిగినప్పుడు మళ్లీ పెడతారు. మామూలుగా ఊరెళ్లేవాళ్లు వాడుకునేది. శెట్టిగారి దీపం వెలిగినప్పుడు ఆ సంగతి చెప్పాను.

"ఫోను ల్యాకుంటే నన్నెవురు అడగతారు పాపా? యాపారం పోతాది."

"ఎవరడిగినా నేను మీకు చెబుతాను సార్."

ధనమ్మగారు ఇంట్లో ఎంత ఏడ్చారో ఏమో, మొత్తానికి శెట్టిగారు అర్జీ మీద సంతకం పెట్టారు. లైన్‌మన్ ఫోను తెచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే శెట్టిగారు ఎక్స్ఛేంజి ముందుగదిలో ఉన్నారు. ట్రంక్ కాల్ కోసం జనం కాచుకునే గది అది.

"ఎవురన్నా అడిగినారా?"

"లేదు సార్."

"మద్రాసోళ్లు?"

"ఎవరూ అడగలేదు."

ఆయన మొహం చూశాక, అబద్ధం చెప్పినా బాగుండేదే అనిపించింది. మనిషిని ఇంకా కుంగదీశానేమో అనుకున్నాను. ఆయన బెంచీ మీద కూర్చుండిపోయారు. బూత్‌లో ఎవరో వేలూరికి "హలో, హలో" అని అరుస్తున్నారు. నేను బోర్డు దగ్గరికి వెళ్లానే గానీ, ప్రాణమంతా ముందుగదిలోకి కనిపించే కిటికీ దగ్గరే ఉంది. ఒకసారి చూసేసరికి ఆయన తల పక్కకు వాలిపోయి ఉంది.

హెడ్‌సెట్ పక్కమ్మాయికిచ్చి పరుగెత్తాను. దగ్గరికెళితే గురక వినిపించింది.

నెత్తిమీదే బూత్ బెల్లు మోగింది. ఆయన కదల్లేదు. వెతుక్కుంటూ వచ్చిన ధనమ్మగారిని చూసి లేపబోయాను.

"ల్యాపొద్దు పాపా" అని ఆమె బెంచీ పక్కన నేలమీద కూర్చున్నారు. చాలాసేపు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

ఫోను చప్పుడే మనిషిని తినేస్తోందని అప్పటిదాకా అనుకున్నాను. ఆ గదిలో ఎంత చప్పుడో! అందులో ఒక్కటీ తన కోసం కాదని తెలిశాక ఆయన నిద్రపోయారు. ఆ సాయంత్రం నేను డ్యూటీ దిగేటప్పుడు బోర్డు మీద ఎవరెవరి దీపాలో వెలుగుతూనే ఉన్నాయి. హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించి, వెనక్కి చూడకుండా ఇంటికెళ్లాను.